సోమవారం మట్టి

నువ్వులదిన్నెలో ఎద్దులకు సోమవారం సెలవు. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి వేస్తే సాక్షాత్తూ బసవన్న మెడ మీద వేసినట్టేనని ఆ ఊరి నమ్మకం. పొలంలో పని ఎంత ముంచుకొస్తున్నా సరే, సోమవారం ఎద్దుల జోలికి ఎవరూ పోరు. ఊళ్లో ఎద్దులన్నీ ఆ రోజు నీడపట్టున పడుకుని, తోకతో ఈగలు తోలుకుంటూ, నెమరేసుకుంటూ హాయిగా గడిపేసేవి. గానుగ ఓబులేసు ఎద్దు బొల్లన్న ఒక్కడే అలా పడుకునేవాడు కాదు.

గానుగెద్దు బతుకు ఎలాంటిదో చెప్పాలా? పొద్దున్నే కళ్లకు గంతలు కడతారు, కాడి వేస్తారు, ఇక తిరగడమే తిరగడం. అంత దూరం నడిచి సాయంత్రానికి ఏ ఊరు చేరాడయ్యా అంటే, పొద్దున బయల్దేరిన చోటికే. నూనె కారే చప్పుడు చెవిన పడుతుంది, వాసన ముక్కుకు తగులుతుంది. ఆ నూనె ఏ రంగులో ఉంటుందో మాత్రం బొల్లన్న చూసిన పాపాన పోలేదు. గంతలు విప్పేసరికి కుండలన్నీ సర్దేసి ఉండేవి. అలాగని ఓబులేసు చెడ్డవాడేం కాదు. వేళకు కుడితి పెడతాడు, తెలకపిండి పెడతాడు, గంగడోలు నిమురుతాడు. కడుపుకు లోటు లేదు గానీ, బొల్లన్న మనసులో ఒక వెలితి ఉండిపోయింది. 'ఇంత చాకిరీ చేస్తున్నానే! ఇదిగో, ఇది నేను చేసింది అని కళ్లారా చూసుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి లేదే!'

ఒక ఎండాకాలం ఓబులేసు గానుగ కొట్టానికి గోడలు పెట్టుకుంటూ, మట్టి తొక్కడానికి బొల్లన్నను గోతిలోకి దింపాడు. మట్టి ఎలా కలపాలో, ఎంత తొక్కాలో, ఎన్నాళ్లు మాగబెట్టాలో బొల్లన్న గిట్టలకు అప్పుడే పట్టుబడింది. ఆ తర్వాత నుంచి సోమవారం వస్తే చాలు, నేరుగా వాగు ఒడ్డుకు పోయేవాడు. కొమ్ములతో ఎర్రమట్టి పెళ్లగించి, వాగు నీళ్లు గోతిలోకి మళ్లించి, ఊక, వరిగడ్డి తునకలు వేసి తొక్కేవాడు. తొక్కినంత తొక్కి, పైన తాటాకులు కప్పి, మళ్లీ సోమవారం దాకా దాని ముఖం చూసేవాడు కాదు. ఆ సోమవారం ఇంకో విడత తొక్కి, కావలసినవాళ్లకు ఇచ్చేవాడు.

"మట్టి నాది, మెత్తుకోవడం మీది" అనేవాడు. బదులుగా ఎవరికి తోచింది వాళ్లు తెచ్చేవాళ్లు. ఒకరు గట్టు మీది పచ్చిక, ఒకరు లేత చెరుకాకు. ముంగిస తన బొరియకు చక్కగా గుమ్మం కట్టుకుంది. బొల్లన్న ఆ గుమ్మం ఎదురుగా నిలబడి రెప్ప వెయ్యకుండా చూస్తుంటే ముంగిసకు విసుగొచ్చి, "ఏందన్నా, లోపలికి గానీ వస్తావా?" అని అడిగేసింది.

"లేదమ్మా, ఊరికే చూసుకుంటున్నా" అన్నాడు బొల్లన్న సిగ్గుపడుతూ.

అంతా ఇలాగే సాగిపోతే కథెందుకు? వాగవతల చిట్టడవిలో జంబయ్య అనే నక్క ఉండేవాడు. ఉద్యోగం లేదు, వ్యాపారం లేదు, ఉన్నవల్లా సలహాలు. పనిలేనివాడి దగ్గర సలహాలకు కరువేముంది! ఒక సోమవారం తీరిగ్గా వచ్చి బొల్లన్న గోతి గట్టున చతికిలబడ్డాడు.

"ఏం బావా, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వినలేదా?"

"విన్నాను బావా. ఆ పెద్దలు కూడా గోడలున్న ఇంట్లో కూర్చునే ఆ మాట అనుంటారు."

జంబయ్య నవ్వాడు. నక్క నవ్విందంటే ఏదో అడగబోతోందనే లెక్క. "సరే, మాటకారివే. నీ మట్టికి గిరాకీ ఉంది, కాదనను. కానీ వారానికోసారి చేసేది వ్యాపారమెట్లా అవుతుంది? కాలక్షేపమవుతుంది. ఆ గానుగ మానెయ్. తెల్లారి లేస్తే మట్టి, పొద్దుగూకేదాకా మట్టి. నువ్వు తొక్కు, నేను అమ్ముతా. చెరి సగం!"

"గానుగ మానేస్తే కుడితి ఎవరు పెడతారు?"

"నీ వ్యాపారమే పెడుతుంది!"

"దానికి ఇంకా పాలపళ్లే ఊడలేదు బావా. అప్పుడే దాని మెడ మీద కాడి వేస్తే నడుం విరుగుతుంది."

"రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు నట్టేట మునుగుతాడు. తర్వాత నీ ఇష్టం!"

"అది రెండు కాళ్లవాళ్ల సంగతి. నాకు నాలుగున్నాయి" అన్నాడు బొల్లన్న, తొక్కడం ఆపకుండానే.

గుమ్మంలో కూర్చున్న ముంగిస కిసుక్కున నవ్వింది. జంబయ్యకు ఒళ్లు మండిపోయింది. తోక దులుపుకుని లేచిపోయాడు.

లేచి ఊరుకున్నాడా? ఊరుకుంటే నక్కెందుకవుతాడు! వాగుకు అవతలి ఒడ్డున తనూ ఒక గొయ్యి తవ్వించాడు. తొక్కడానికి గంగులు అనే దున్నపోతును కుదుర్చుకున్నాడు. గంగులుకు బురదంటే ప్రాణం. జీతం ఎంతని కూడా అడగలేదు. "రోజంతా బురదలోనే ఉండొచ్చా అయ్యా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని మరీ పనిలో చేరాడు. పొద్దున తొక్కిన మట్టి సాయంత్రానికల్లా సిద్ధం. జంబయ్య గట్టు మీద నిలబడి, "నిత్యం మట్టి, తాజా మట్టి! వారాలూ వర్జ్యాలూ లేవు, అడిగిన క్షణంలో మట్టి!" అని గొంతు చించుకున్నాడు.

అయినా జనం రాలేదు. తొలకరి దగ్గరపడుతోంది, ఇళ్లు బాగుచేసుకునే కాలం, అందరికీ మట్టి కావాలి. కానీ ముంగిస గుమ్మం చూసిన కళ్లు బొల్లన్న గోతి వైపే మళ్లుతున్నాయి. జంబయ్య ఆలోచించాడు. ఎద్దు సోమవారం తప్ప ఇటు రాడు కదా, ఆ తాటాకుల కింద ఏం దాచాడో చూద్దామని బుధవారం పూట మెల్లగా వచ్చి ఒక ఆకు ఎత్తాడు.

అబ్బో, ఏం కంపు! ఆ కంపు ముక్కులో దూరి నడినెత్తిన కూర్చుంది. జంబయ్య తుమ్మి, దగ్గి, కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక అతని మూతి మెల్లగా చెవుల దాకా సాగింది. చిట్టడవంతా పరిగెత్తి కుందేళ్లనూ మేకనూ ఉడుతలనూ వెంటేసుకొచ్చాడు.

"చూడండి బాబూ చూడండి! ఏ రోజూ పట్టించుకోకుండా వదిలేసిన మట్టి ఏమవుతుంది? కుళ్లుతుంది! ఉద్యోగం చేసుకుంటూ తీరికున్నప్పుడు వెలగబెట్టే వ్యాపారం ఇట్లాగే ఏడుస్తుంది. ఇప్పుడిటు రండి, నా మట్టి వాసన చూడండి. వాన పడ్డ నేల వాసన రావడం లేదూ?"

"ఛీ ఛీ!" అని మూతి తిప్పుకుంది మేక. "ఈ కుళ్లు మట్టితో ఇల్లు కట్టుకుంటే చుట్టాలెవరైనా గడప తొక్కుతారా?"

అంతే, జనమంతా వాగు దాటి జంబయ్య దగ్గరికి పోయారు. ఒక్క చుక్కల పెట్ట మాత్రం పోలేదు. ఆ కోడి పరిస్థితి వేరు. చూరు కింద చిరిగిన గంపలో గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది. వాన జల్లు కొట్టిందంటే గుడ్లు చల్లబడిపోతాయి. గూడు కట్టుకోవడానికి బొల్లన్న దగ్గర మట్టి చెప్పి పెట్టుకుంది. ఇప్పుడీ గోల చూసి దానికి కాళ్లు చేతులు ఆడలేదు. రొప్పుకుంటూ గానుగ కొట్టానికి పరిగెత్తింది.

బొల్లన్న గంతలతో తిరుగుతూనే ఉన్నాడు. కోడి అతని పక్కన పరిగెత్తుతూ, "అన్నా, బొల్లన్నా, కాస్త ఆగు! నీ వెంట తిరిగితే నా తల తిరిగిపోతోంది" అంది.

"నేనాగితే ఓబులేసు ఊరుకోడు చెల్లీ. నువ్వు అక్కడే నిలబడు, నేనే మళ్లీ వస్తా" అని వెళ్లిపోయాడు.

చుట్టు తిరిగి వచ్చేసరికి కోడి గబగబా చెప్పింది. "జంబయ్య నీ గొయ్యి తెరిచి అందరికీ వాసన చూపించాడన్నా!"

బొల్లన్న దాటిపోయాడు. మళ్లీ వచ్చాడు. "కంపు కొట్టిందా?"

"కొట్టడమా! నా ముక్కు ఇంకా దారిలోకి రాలేదు!"

మళ్లీ దాటిపోయాడు. మళ్లీ వచ్చి, "హమ్మయ్య" అన్నాడు. "అయితే సరిగ్గానే మాగుతోంది."

కోడి నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసేలోపు బొల్లన్న ఇంకో చుట్టు తిరిగొచ్చాడు. "ఊక, గడ్డి లోపల కుళ్లితేనే మట్టికి జిగురు పట్టేది చెల్లీ. నడివారంలో కంపు కొట్టకపోతే అప్పుడు భయపడాలి. సోమవారానికి ఆ వాసన చాలావరకు పోతుంది, జిగురు నిలుస్తుంది."

"మరి వాన ముందే వస్తేనో? జంబయ్య ఇవాళే ఇస్తానంటున్నాడు. గుడ్లన్నా, గుడ్లు!"

ఈసారి బొల్లన్న అడుగు బరువుగా పడింది. ఉన్న ఒక్క గిరాకీ కూడా పోతుందని తెలుసు. రేపే ఇస్తాలే అని ఒక్క మాట అంటే కోడి నిలబడుతుందని కూడా తెలుసు. చుట్టు పూర్తి చేసి, "సోమవారానికి ముందు నా మట్టి రాదు చెల్లీ. వాన ముందొస్తే నేనేం చెయ్యలేను. నీ గుడ్లు, నీ ఇష్టం. నేనేమీ అనుకోను" అన్నాడు.

కోడి ఒక చుట్టు సేపు ఆలోచించింది. "ముంగిస గుమ్మాన్ని నిన్న పొడిచి చూశా. నా ముక్కే నొప్పెట్టింది" అంది. "సోమవారమే వస్తాలే."

సోమవారం దాకా వాన ఓపిక పట్టింది. బొల్లన్న తాటాకులు తీసేసరికి కంపు తగ్గి, మట్టి రొట్టెల పిండిలా సాగుతోంది. బొల్లన్న గుడ్ల గంపను కొమ్ములకు తగిలించుకుని గోతి పక్కకు తెచ్చాడు. కోడి ముక్కుతో మట్టి మోసి దాని చుట్టూ గూడులా మెత్తుకుంది, బొల్లన్న నాలుకతో నున్నగా అలికాడు. గూడు తయారైంది. ఇద్దరూ వెనక్కు జరిగి చూసుకుంటున్నారో లేదో, జంబయ్య జనాన్ని వెంటేసుకుని వచ్చాడు.

"ఇదేనా కంపు కోట! బావా, పందెం వేసుకుందామా? తొలకరికి ఎవరి మట్టి కరిగితే వాడు ఓడినట్టు. నువ్వు ఓడితే నీ సోమవారాలన్నీ నావి. నోరెత్తకుండా వచ్చి నా గోతిలో తొక్కాలి."

బొల్లన్న లెక్కేసుకున్నాడు. సోమవారం పోతే తనకిక మిగిలేది గంతలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా, వారమంతా, బతుకంతా గంతలే. పోనీ ఒప్పుకోనందామా అంటే, కుళ్లు మట్టి అమ్మేవాడన్న పేరు చచ్చేదాకా పోదు. ఒకసారి గూటి వైపు చూశాడు.

"సరే బావా. మరి నువ్వు ఓడితే?"

"నేనా! ఓడితే నువ్వేం చెప్తే అది చేస్తా, ఇంతమంది సాక్షి!"

"చాలు. కానీ ఒక మాట. నా మట్టి గూట్లో చుక్కల పెట్ట గుడ్లతో సహా కూర్చుంటోంది. నీ మట్టి ఇంట్లో నువ్వు కూర్చుంటావా? నువ్వుండేది రాతి గుహలో కదా?"

కుందేళ్లు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. "అవునవును, జంబయ్య రాతి గుహలోనే ఉంటాడు!" అంది మేక. ఉడుతలు గుసగుసలు మొదలెట్టాయి. గిరాకీ చెదిరిపోయేట్టుందని జంబయ్య రొమ్ము విరుచుకుని అరిచాడు. "కూర్చోవడమేంటి, మేడ కట్టుకుని మరీ కూర్చుంటా! ఇవాళ్టి నుంచి నా గుహ గబ్బిలాలకు వదిలేస్తున్నా!"

గంగులు తొక్కాడు, జంబయ్య మేడ లేపాడు. కింద ఒక గది, పైన ఒక గది, పైగదికి కిటికీ. కుందేళ్లు ఇళ్లు కట్టుకున్నాయి, మేక అరుగు వేయించుకుంది. చూడ్డానికి అన్నీ కళకళలాడిపోయాయి. వచ్చేపోయేవాళ్లు కోడిగూటిని చూసి ముక్కు మూసుకుని నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందన్న మాట వాళ్లకు గుర్తు రాలేదు.

తొలకరి మాత్రం సోమవారం రాలేదు. బొల్లన్న గానుగ తిప్పుతుండగా ఉరిమింది. గంతల వెనక చీకటిలో బొల్లన్న అడుగు వేగం పెరిగింది. కొట్టం మీద వాన దబదబా కొట్టింది. తిరుగుతున్నాడు, తిరుగుతున్నాడు, ఎంత తిరిగినా గూడు కనిపించదు. 'నిలబడిందా? కరిగిందా? గుడ్లేమయ్యాయి?' నూనె కారే చప్పుడు కూడా వినబడలేదు. అంతలో జల్లు కొట్టంలోకి కొట్టి నువ్వులు తడుస్తుంటే ఓబులేసు, "ఇవాళ్టికి చాలురా నాయనా" అంటూ కాడి దించి, గంతలు విప్పాడు. విప్పడమే ఆలస్యం, బొల్లన్న తోకెత్తుకుని వాగు వైపు పరుగు లంకించుకున్నాడు.

వాగు ఒడ్డంతా గగ్గోలుగా ఉంది. కుందేళ్ల ఇళ్లు జారి చదునైపోయాయి. మేక అరుగు మీద మేక లేదు, మేక కింద అరుగూ లేదు. జంబయ్య మేడ మాత్రం ఇంకా నిలబడే ఉంది. కిటికీలోంచి తల బయటపెట్టి, "చూశావా బావా, మేడంటే..." అని జంబయ్య అంటుండగానే పైగది కిందగదిలో కూలబడింది. కిందగది వాగువైపు నడక మొదలెట్టింది. జంబయ్య మెడ దాకా బురదలో కూరుకుపోయి, తలొక్కటే బయటికి కనబడుతుంటే, "గంగులూ! చచ్చాన్రా, లాగరా!" అని కేకలేశాడు.

గంగులు అప్పటికే ఆ బురదలో పక్కకు ఒరిగి, కళ్లు మూసుకుని పడుకున్నాడు. "ఇల్లు పోతే పోయింది గానీ అయ్యా, బురద మాత్రం ప్రథమం!" అన్నాడు తన్మయంగా.

బొల్లన్న వాళ్లను చూడనే లేదు. కోడిగూడు దగ్గరికి వచ్చి ఆగాడు. గోడ మీద వాన జారిపోతోందే తప్ప మట్టి రవ్వంత కూడా కదల్లేదు. లోపల్నించి కోడి తల బయటపెట్టింది.

"అన్నా, గుడ్డు పగిలింది!"

"అయ్యో! పగిలిందా?"

"పగలకపోతే పిల్ల ఎట్లా బయటికొస్తుందన్నా?" అని కోడి రెక్క ఎత్తి చూపించింది. తడి ఆరని చిన్న ముక్కొకటి కిచకిచమంది.

బొల్లన్నకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇది నేను తొక్కిన మట్టి, ఇది నిలబడింది, దీని లోపల ఒక ప్రాణం వెచ్చగా ఉంది! వానలోనే నిలబడి తనివితీరా చూసుకున్నాడు. చూసి చూసి, ఊరంతా వినబడేలా ఒక రంకె వేశాడు. ఊళ్లో సోమవారాలు నీడపట్టున పడుకునే ఎద్దులన్నీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాయి.

సోమవారం తెల్లారేసరికి బొల్లన్న గోతి ముందు జాతర. అందరికంటే ముందు నిలబడ్డది మేకే. "నేను ఆ రోజే అనుకున్నా బొల్లన్నా, ఆ వాసనలో ఏదో మహత్తు ఉందని!" అంది సిగ్గులేకుండా. జంబయ్యను కుందేళ్లు ముందుకు తోసుకొచ్చాయి. ఒళ్లంతా బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది.

"ఊరు దాటించు అన్నా!" అన్నాయి కుందేళ్లు.

"తోక కత్తిరించు!" అంది మేక.

"ఎందుకమ్మా అంత మాట" అన్నాడు బొల్లన్న నింపాదిగా. "నాకు గానుగ ఉద్యోగం ఉంది, అది మాననుగాక మానను. సోమవారం తప్ప గోతి దగ్గర మనిషి లేకనే కదా ఇంత రభస జరిగింది. మన బావకు ఎలాగూ వేరే పని లేదు. నడివారమంతా ఈ గట్టునే కూర్చుంటాడు. ఆకులు ఆరిపోకుండా తడుపుతాడు. వచ్చేపోయేవాళ్లకు ఆ కంపెందుకో, ఎన్నాళ్లుంటుందో విడమరచి చెప్తాడు. ఇంతకు మించి నాకేం వద్దు."

జనం విరగబడి నవ్వారు. ఇంతమంది ముందు ఇచ్చిన మాట మరి, జంబయ్య తోక ముడుచుకుని పోయి గట్టున కూర్చున్నాడు.

ఇప్పుడు బుధవారం పూట మీరు ఆ వాగు ఒడ్డుకు పోతే, జంబయ్య ముక్కుకు ఆకు అడ్డం పెట్టుకుని గట్టున కూర్చుని కనబడతాడు. మొన్న పొరుగూరి బాతు ఒకటి అటుగా వచ్చి, "అబ్బబ్బ, ఏందయ్యా ఈ గబ్బు? తాజా మట్టి లేదా?" అని అడిగింది.

జంబయ్య పళ్లు కొరుక్కుంటూ, "ఇది మంచి కంపేనమ్మా. సోమవారం దాకా ఓపిక పట్టండి, రాయిలాంటి మట్టి దొరుకుతుంది" అన్నాడు. "తాజా మట్టి కావాలంటే అవతలి ఒడ్డున గంగులున్నాడు, పోయి దొర్లండి. కొంప మాత్రం కట్టుకోకండి."

నువ్వులదిన్నె వాళ్లు ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా చివర్న అనే మాట ఇది: ఆగినవాడిది గోడ, ఆత్రగాడిది అడుసు.